బాత్రూం గడియ

జూన్ 3, మంగళవారం

మా ఇంట్లో ఈ రోజు ఒక గడియ స్వర్గస్థురాలైంది. బాత్రూం తలుపు లోపలి గడియ. నాన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని ఊడదీసి, స్క్రూలతో సహా ప్లాస్టిక్ కవర్లో వేసి, బీరువాలో అమ్మ గాజుల పక్కన దాచాడు. ఆ మర్యాద చూస్తే ఎప్పుడో బంగారమై తిరిగొస్తుందేమో అనిపించింది.

కారణం రాస్తాను. మొన్న ఆదివారం తాతయ్య స్నానానికి వెళ్ళి జారి పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. అసలు భయం అది కాదు. పడ్డాక పిలిచాడట. పిలుస్తూనే ఉన్నాడట. హాల్లో ముగ్గురం ఉన్నాం, టీవీ కూడా ఆపేసి ఉంది, ఒక్కరికీ వినపడలేదు. తువ్వాలు ఇవ్వడానికి వెళ్ళిన అమ్మకి అనుమానం వచ్చి, నాన్న భుజంతో తలుపు గుద్ది, గడియ వంగి, అప్పుడు తాతయ్య బయటపడ్డాడు. ఏమిట్రా ఆ దూకుడు, పిలుస్తున్నాను కదా అని నాన్ననే కసిరాడు. అదీ గుసగుసగా.

తాతయ్యకి పార్కిన్సన్స్. చెయ్యి వణకడం, అడుగు తడబడడం మాకు అలవాటైపోయాయి. ఆ జబ్బు గొంతును కూడా తినేస్తుందని మాత్రం గమనించలేదు. గమనించకపోవడంలో మా తప్పు సగమే. ఆయన ఉద్యోగమంతా నాటక కంపెనీలో ప్రాంప్టర్‌గా గడిచింది. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నటుడు డైలాగు మరిచిపోతే అందించే మనిషి. నటుడికి వినపడాలి, మొదటి వరసలో వాడికి వినపడకూడదు. అలాంటి మనిషి గొంతు రోజురోజుకీ తగ్గుతూ ఉంటే, మేము దాన్ని అనుభవం అనుకున్నాం.

నాన్న ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్. ప్రపంచంలో ప్రతి వస్తువూ మనిషిని చంపడానికే తయారైందని ఆయన దృఢ విశ్వాసం. ఇకనుంచి ఈ తలుపుకి గడియ ఉండదు అని ప్రకటించాడు.

తాతయ్య ఏదో అన్నాడు. ఏమన్నారు మామయ్యగారూ అని అమ్మ అడిగింది. దగ్గర ఉన్నదాన్ని కనుక నేను అనువదించాను: గడియ పెట్టేదాకా స్నానం చెయ్యడట.

జూన్ 4

సమ్మె రెండో రోజు. ఎండలు మండిపోతున్నాయి. ఇంతకన్నా రాయడం మర్యాద కాదు.

జూన్ 6, శుక్రవారం

ఉభయ పక్షాల మధ్య చర్చలు. మధ్యవర్తి అమ్మ. ఆవిడ లైబ్రేరియన్, కాబట్టి చర్చలు చాలా నిశ్శబ్దంగా జరిగాయి.

నాన్న షరతు: నువ్వు బాత్రూంలోంచి పిలిస్తే హాల్లో నాకు వినపడాలి. వినపడిన రోజే గడియ బిగిస్తాను. వినపడకపోతే నీ మంచం హాల్లోకి వస్తుంది, స్నానం చేయించడానికి మనిషిని పెడతాను.

మనిషి అనేసరికి తాతయ్య నాన్న వైపు తిరిగాడు. నా ఒళ్ళు నేను కడుక్కోగలిగినన్నాళ్ళు ఆ తలుపు నాదేరా అన్నాడు. ఎవరూ అనువాదం అడగలేదు. నేనూ జోకు వెయ్యలేదు. తేదీ గుర్తుంచుకోదగ్గది.

వినపడే రోజు వచ్చేదాకా తలుపు చేరవేసి, బయట నన్ను కాపలా పెట్టి స్నానం చెయ్యడానికి తాతయ్య ఒప్పుకోవడంతో సమ్మె ముగిసింది. డాక్టర్ స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళమన్నాడట. తీసుకెళ్ళేది ఎవరు? డిగ్రీ చేతిలో పట్టుకుని సోఫాలో పడి ఉన్న ఒకే ఒక్క వ్యక్తి వైపు మూడు జతల కళ్ళు తిరిగాయి. నా మొదటి ఉద్యోగం ఇలా ఖరారైంది.

జూన్ 10, మంగళవారం

ఉద్యోగంలో చేరాను.

ఆసుపత్రి వెనక భాగంలో పొడుగాటి వరండా. గోడ పొడవునా ప్లాస్టిక్ కుర్చీలు. పైన ఫ్యాన్, నిద్రలో పళ్ళు కొరికేవాడిలా తిరుగుతుంది. గది చిన్నది కనుక క్లాసు వరండాలోనే. థెరపిస్టుకి నేను ఆ-మేడం అని పేరు పెట్టాను. వచ్చిన ప్రతి ముసలాయన చేతా ఊపిరి నిండా తీసుకుని ఆ... అనిపిస్తుంది. గొంతెంత వచ్చిందో ఫోన్లో ఒక యాప్ రంగుల్లో చూపిస్తుంది. ఎరుపంటే చాలదు, పసుపంటే ఫరవాలేదు, పచ్చ అంటే వీధికి వినపడింది.

తాతయ్య ఆ అన్నాడు. ఫోన్ నిద్ర లేవలేదు. బస్సు వెళ్ళిపోతోంది అనుకుని కేకెయ్యండి అంది మేడం. వెళ్ళిపోతే ఇంకోటి వస్తుందమ్మా అన్నాడు తాతయ్య.

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని విషయం చెప్పింది. ఈ జబ్బులో లోపలి కొలత తప్పిపోతుందట. తాము అరుస్తున్నామనే వాళ్ళు అనుకుంటారు, బయటికి గొణుగుడే వస్తుంది. సాధన చేస్తే గొంతు నిలబడుతుంది, మానేస్తే జారిపోతుంది. నయం అవుతుందని మాత్రం నేను చెప్పను సార్, పళ్ళు తోముకోవడం లాంటిది, రోజూ చెయ్యాలి అంది.

తాతయ్య అంతా శ్రద్ధగా విని, అరవడం తన వల్ల కాదన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన గొంతు ప్రేక్షకులకి వినపడింది ఒక్కసారేనట. ఆ రోజు అన్నం తినకుండా పడుకున్నాడట.

పక్క కుర్చీలో ఒక పెద్దావిడ. రిటైరైన లెక్కల టీచరు. స్ట్రోక్ వచ్చి మాటలు పట్టుకుపోయింది. అన్నీ కాదు, క్లాసులో రోజూ అన్నవి మాత్రం మిగిల్చింది. ఆవిడకి మంచినీళ్ళు కావాలి. నా వైపు చూసి, పెదాలు కదిపి, చాలా కష్టపడి, కూర్చో! అంది.

కూర్చున్నాను. నాతోపాటు వరండాలో నిలబడ్డ ప్రతి మనిషీ కూర్చున్నాడు. ఫైళ్ళు మోసుకెళ్తున్న అటెండర్ కూడా.

జూన్ 12

తాతయ్య పాదాలు గుమ్మాల దగ్గర అతుక్కుపోతున్నాయి. మనసు అవతల ఉంటుంది, కాళ్ళు ఇవతల. నాన్న ఫ్యాక్టరీ నుంచి పసుపు నలుపు చారల టేపు తెచ్చి ప్రతి గుమ్మానికీ అంటించాడు. ఇల్లు క్రేన్ దిగే చోటులా ఉంది. తమాషా ఏమిటంటే, ఆ చార కనపడగానే తాతయ్య దాన్ని దాటడానికి కాలెత్తుతున్నాడు. పని చేస్తోంది. చేస్తోందని తాతయ్య ఒప్పుకోడు, నాన్న మాట్లాడకుండా ఉండడు.

ఈ రోజు చార లేని వీధి గేటు దగ్గర ఆగిపోయాడు. నడువు తాతా, కుడికాలు అన్నాను. తొందరపడకే, ఇది గ్యాప్, మరుపు కాదు అని కసిరాడు. నటుడు కావాలని ఆగితే దాన్ని గ్యాప్ అంటారట.

జూన్ 13, శుక్రవారం

టీచరమ్మకి బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటారు. దువ్వెన వచ్చింది. తర్వాత గొడుగు. ఆవిడకి అదేమిటో తెలుసు. తల మీద చెయ్యి పెట్టి చూపించింది, వాన కూడా అభినయించింది. మాట రాలేదు. కళ్ళు పక్కకి తిరిగాయి.

వెనకనుంచి ఎవరో గొ అన్నారు.

గొడుగు! అంది టీచరమ్మ.

అందరం వెనక్కి తిరిగాం. తాతయ్య ఫ్యాన్ వైపు చూస్తున్నాడు, దాన్ని కొనడానికి వచ్చినవాడిలా.

మేడం నవ్వింది. తానూ అదే చేస్తుందట, వాళ్ళకి చదువులోనే నేర్పుతారట. ఇంక చూడాలి, ఇద్దరూ వృత్తి కబుర్లలో పడ్డారు. మీరు ఎంతసేపు ఆగుతారు, మీరెప్పుడు అందిస్తారు అని. వరండాలో వృత్తి లేనిదాన్ని నేనొక్కదాన్నే అని తెలిసొచ్చింది.

తాతయ్య సిద్ధాంతం ఇది. మొదటి అక్షరం మాత్రమే ఇవ్వాలి. మాటంతా ఇస్తే అది దొంగతనం, మిగతాది నటుడి సొత్తు. పైగా మరిచిపోయినవాడికి ఇవ్వాలి గానీ, ఆగినవాడికి ఇవ్వకూడదు. తేడా కళ్ళలో ఉంటుందట. మరిచిపోయినవాడి కళ్ళు తెర పక్కకి వస్తాయి, కావాలని ఆగినవాడి కళ్ళు ముందుకే ఉంటాయి.

జూన్ 14

ఇంట్లో సాధన. తాతయ్య ఆ... అనగానే అమ్మ వంటింట్లోంచి వచ్చి పెదాల మీద వేలు పెట్టి ష్ అంది. తర్వాత నాలిక కరుచుకుంది. ఉద్యోగం అలవాటు మామయ్యగారూ, మీరు కానివ్వండి అంది. మళ్ళీ ఆ... అన్నాడు. మళ్ళీ ష్.

ఒక ప్రాంప్టర్, ఒక లైబ్రేరియన్. ఈ ఇంట్లో నేనిలా ఎలా పుట్టానో వైద్యశాస్త్రమే చెప్పాలి.

జూన్ 17, మంగళవారం

ఈ రోజు నేనొక ఘనకార్యం చేశాను. గాలి కోసం అని చెప్పి టీచరమ్మ కుర్చీని వరండా చివర కిటికీ దగ్గరికి లాగాను. మేడం చూసింది. చూసి, ఏమీ అనకుండా బొమ్మల అట్టలు తీసుకుని తనూ అక్కడికే వెళ్ళింది. తాతయ్య ఈ చివర, టీచరమ్మ ఆ చివర, మధ్యలో పళ్ళు కొరికే ఫ్యాన్.

తాళం బొమ్మ దగ్గర ఆవిడ ఆగిపోయింది. కళ్ళు తాతయ్య వైపు వచ్చాయి. తాతయ్య అందించాడు. అందలేదు. మళ్ళీ అందించాడు. ఫ్యాన్ మింగేసింది. ఆవిడ కళ్ళు అలాగే పక్కకే ఉండిపోయాయి, కాసేపటికి వాటిలో నీళ్ళు. చివరికి కోపం తెచ్చుకుని, వరండా ఈ చివరికి వినపడేలా, తాతయ్య మీదే కేకేసింది: కూర్చో!

ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. అయినా ఇంకొంచెం కూర్చున్నాడు.

 బస్సు దిగేముందు తాతయ్య నా చెవి దగ్గర అన్నాడు: ప్రేక్షకుడికి వినపడితే పరువు పోతుంది. నటుడికి వినపడకపోతే నాటకం పోతుంది. ఇన్నాళ్ళూ రెండూ నిలబెట్టాను, ఇప్పుడు ఒకటే దొరికేలా ఉందే.

ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. మొదటి అక్షరం కూడా రాలేదు.

జూన్ 18

తాతయ్య గదిలోంచి, తలుపు మూసి, ఆ... ఆ... ఆ... పక్క ఫ్లాట్ ఆయన వచ్చి ఎవరికైనా బాగోలేదా అని అడిగాడు. బాగోలేదండీ, బాగుపడుతున్న శబ్దం అది అన్నాను.

అమ్మ ష్ అనలేదు. దుప్పట్లు మడతపెడుతూ కూర్చుంది. ఒకే దుప్పటిని మళ్ళీ మళ్ళీ మడతపెట్టింది.

జూన్ 20, శుక్రవారం

పసుపు!

తాళం బొమ్మ. టీచరమ్మ ఆ చివర. తాతయ్య కళ్ళు మూసుకుని తా అన్నాడు. ఫ్యాన్ తల వంచింది. టీచరమ్మ తాళం అంది. చిక్కేమిటంటే, కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ కూడా తాళం అన్నారు. అటెండర్ తాళంచెవి అని పై మెట్టెక్కాడు. ప్రేక్షకులకి పూర్తిగా వినపడిపోయింది. తాతయ్య మొహం సిగ్గుతో ముడుచుకుపోయింది.

టీచరమ్మ వరండా అంతా కలయజూసి, సైలెన్స్! అంది. ఆ కేకకి బొమ్మలు, అక్షరాలు, ఎవరి సాయమూ అవసరం పడలేదు.

జూన్ 22, ఆదివారం

పరీక్ష. తాతయ్య బాత్రూంలో, బట్టలేసుకునే. తలుపు మూసి. నాన్న హాల్లో కుర్చీలో, చేతులు కట్టుకుని. ఫ్యాక్టరీలో అగ్నిమాపక విన్యాసం చూసేటప్పుడు కూడా ఇలాగే కూర్చుంటాడట.

నిశ్శబ్దం. నిశ్శబ్దం. ఏదో ఒక చిన్న శబ్దం. మళ్ళీ నిశ్శబ్దం. అదే శబ్దం. నాన్న గడియారం చూసి, లేచి వెళ్ళి తలుపు తీశాడు. వినపడలేదు నాన్నా అన్నాడు. తాతయ్య మండిపడ్డాడు. ఎన్నిసార్లు పిలవాలిరా అన్నాడు.

తలుపు పక్కన ఆ రంగుల యాప్ తెరిచి ఫోన్ పట్టుకుని నిలబడ్డది నేనే. ఫోన్ పసుపు చూపించింది. తాతయ్య నిజంగానే గట్టిగా అన్నాడు. ఏమన్నాడంటే, ఒ అన్నాడు. అని ఆగాడు. మళ్ళీ ఒ అన్నాడు. మళ్ళీ ఆగాడు. మిగతా రేయ్ నాన్న పూరించుకోవాలన్నమాట.

శబ్దమైతే వినపడింది, పైపు అనుకున్నాను అన్నాడు నాన్న. జారిపడిన రోజు కూడా ఇలాగే పిలిచావా అని అడిగాడు. మరెలా పిలుస్తారు అన్నాడు తాతయ్య. నేను పకపకా నవ్వాను. నవ్వుతూ ఉండగా ఆ ఆదివారం గుర్తొచ్చింది. తడి నేల మీద పడి, ఒక్కొక్క అక్షరం అందించి, అవతలివాళ్ళు అందుకుంటారని ఎదురుచూసిన మనిషి. నవ్వు ఎక్కడ ఆపాలో తెలియలేదు.

అమ్మ ఒక్కతే మామూలుగా మాట్లాడింది. ఈ ఇంట్లో ఎవరి డైలాగు వాళ్ళే పూర్తిగా చెప్పుకోవాలి మామయ్యగారూ, మీరు తెర పక్కన లేరు అంది.

జూన్ 23

తాతయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. జబ్బో అలకో పోల్చుకోలేకపోయాం. నాన్న ఎందుకైనా మంచిదని మంచం హాల్లో ఎక్కడ పడుతుందో కొలిచాడు.

జూన్ 24, మంగళవారం

క్లాసుకి రానన్నాడు. కన్నకొడుకుని పిలవడం చేతకానివాడికి క్లాసెందుకే అన్నాడు. నా దగ్గరున్న జోకులన్నీ ఖర్చు పెట్టాను. ఒక్కటీ చెల్లలేదు. చివరికి విసుగొచ్చి, సరే, ఆవిడ కళ్ళు పక్కకి తిప్పుతుంది, కుర్చీ ఖాళీగా ఉంటుంది, అంతేగా అన్నాను.

చొక్కా తెమ్మన్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోతే చెయ్యి తోసేశాడు. అలా బస్సు పోయింది. ఇంకోటి వచ్చింది, ఆయన చెప్పినట్టే.

వెళ్ళేసరికి క్లాసు సగమైంది. మమ్మల్ని చూడగానే టీచరమ్మ చేతిలో అట్ట కింద పెట్టి నోరు తెరిచింది. ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి. మేడం సాయానికి ముందుకొచ్చింది. తాతయ్య వణికే చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. కళ్ళు ముందుకే ఉన్నాయమ్మా అన్నాడు.

వరండా మొత్తం ఆగింది. ఎంతసేపంటే, అటెండర్ ఫైళ్ళు దించి గోడకానుకున్నాడు.

మీరు, అంది టీచరమ్మ. ఊపిరి పీల్చుకుంది. ఆలస్యం.

స్ట్రోక్ వచ్చాక ఆవిడ సొంతంగా అల్లిన మొదటి వాక్యమట. మేడం కళ్ళు తుడుచుకుంది. అందరం లేచి చప్పట్లు కొట్టాం. కూర్చో అంది టీచరమ్మ. ఈసారి నవ్వుతూ.

తిరుగు ప్రయాణంలో తాతయ్య కిటికీ పక్కన చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. ఉన్నట్టుండి, ఆపవయ్యా, మేం దిగాలి! అన్నాడు. పూర్తిగా. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్ళు ఒకరిమీదొకరు పడ్డారు. బస్సంతా మావైపు తిరిగింది.

మా స్టాపు ఇంకా రాలేదు. అయినా దిగాం. అంత బాగా చెప్పిన డైలాగుని వృథా చెయ్యకూడదు కదా.

జూన్ 27, శుక్రవారం

ఈ గొంతు ఎన్నాళ్ళుంటుందమ్మా అని తాతయ్య మేడంని అడిగాడు. నేను ఫ్యాన్ చూడడం మొదలుపెట్టాను. తెలియదు సార్, వాడుతూ ఉంటే ఎక్కువ రోజులు ఉంటుంది, అంతవరకే చెప్పగలను అంది. తాతయ్య తలూపాడు. మా నాటకాలూ అంతేనమ్మా, ఎన్ని ఆటలు పడతాయో ముందే చెప్పిన కాంట్రాక్టరు ఒక్కడూ లేడు, అయినా మేం సామాను సర్దుకుని వెళ్ళేవాళ్ళం అన్నాడు.

బయటికొచ్చాక టీ తాగుదామన్నాడు. తాగాడు. సగం సాసర్లో, సగం చొక్కా మీద. బాగుందన్నాడు.

జూన్ 28, శనివారం

సాయంత్రం, ఎవరికీ చెప్పకుండా తాతయ్య బాత్రూంలోకి వెళ్ళాడు. నాన్న హాల్లో పేపరు చదువుతున్నాడు. పరీక్ష అని ఆయనకి తెలియదు. నాకూ తెలియదు.

ఒరేయ్, ఆ సబ్బు అందుకోరా!

నాన్న పేపరు కింద పడింది. అమ్మ వంటింట్లో గరిటె వదిలేసింది. నాన్న సబ్బు కోసం అటూ ఇటూ పరుగెత్తుతుంటే వీధి తలుపు ఎవరో కొట్టారు. తీస్తే పక్క ఫ్లాట్ ఆయన. చేతిలో సబ్బు.

నాన్న సబ్బు అందుకున్నాడు. బీరువా తీసి కవరు బయటికి తీశాడు. వంగిన గడియని సుత్తితో సరిచేశాడు. ఒక స్క్రూ కనపడకపోతే అమ్మ గాజుల డబ్బాలో దొరికింది. బిగిస్తున్నంతసేపూ తాతయ్య స్టూలు వేసుకుని పక్కనే కూర్చుని, అది కాదురా, పైది ముందు అని అందిస్తూనే ఉన్నాడు. పూర్తి వాక్యాల్లో.  

జూన్ 29, ఆదివారం. స్నానాల వేళ

గడియ పడిన చప్పుడు. నీళ్ళ చప్పుడు. నీళ్ళు ఆగాయి. ఆ తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

ముగ్గురం తలుపు బయటికి చేరాం. నాన్న భుజం సిద్ధం చేసుకున్నాడు. ఆగు నాన్నా, గ్యాప్ అయ్యుంటుంది అన్నాను. ఆయన కళ్ళు కనపడకుండా నీకెలా తెలుసే అన్నాడు.

తెలియదు. అయినా ఆగమన్నాను.

లోపలి నుంచి: అందరూ వెళ్ళి కూర్చోండి!

కూర్చున్నాం. ఎక్కడివాళ్ళం అక్కడే, నేల మీద.